ఈలోపు అడిగినవి కాదనవచ్చు

కొత్తవాడల మా గల్లీకి చివరి ఇల్లు.
ఒక్కటే అర్ర. సగం మగ్గానిది,
మిగిలిన సగంల మేం నలుగురం, పొయ్యి, బీరువా,
బీరువాకు ఆనించి
సొసైటీ వేలంపాటల రెండు వేలకు వచ్చిన కంప్యూటరు.
దాని మీద కప్పింది మేం నేసిన జంపఖానా ముక్కే,
అంచు తప్పిందని దుకాణం తిప్పి పంపింది.

పగలు ఆయన నేస్తడు. రాత్రి నేను గీస్త.
గడికో పోగు, పోగుకో రంగు.
హైదరాబాదు నుంచి ఏనుగుల వరుస అడిగిన్రు:
తొమ్మిది ఏనుగులు,
ఒకదాని తొండం ముందటిదాని తోక పట్టుకోవాలె.
ఏడో ఏనుగుకు కన్ను పెడుతున్న,
మూలకు, గడియారం పక్కన,
పసుప్పచ్చ బుడగ ఒకటి లేచింది.

నాది పదో తరగతి ఇంగ్లీషు.
వేలు పెట్టుకుంట చదివిన:
వర్చువల్ మెమరీ తక్కువైంది.
పెంచుతున్నం.
ఈలోపు అడిగినవి కొన్ని కాదనవచ్చు.

కాదనవచ్చు!
నూలు డిపోల విన్న ఈ మాట,
బ్యాంకుల అద్దం అవతలి నుంచి విన్న,
ఇంత మర్యాదగ మాత్రం ఎవరూ అనలే.

రాత్రి పదకొండింటికి
మట్టెవాడ సాదిఖ్‌కు ఫోన్ చేసిన.
ఆవులించుకుంటనే చెప్పిండు:
"ర్యామ్ అంటే మీ అర్ర అనుకో అక్కా.
నిండితే సామాను హార్డ్‌డిస్కు మీద పెట్టుకుంటది,
అరుగు మీద పెట్టినట్టు.
పనివడితే లోపటికి, లేకుంటే బయటికి.
గుర్రుగుర్రుమంటున్నది చూడు, గదే."

నవ్వొచ్చింది నాకు.
గింతేనా?
మా పడుగు ఏనాడన్న మా ఇంట్ల పట్టిందా?
పొద్దుగాల్నే గల్లీ పొడుగునా సాపుతం,
ఖాజాబీ వాకిలి దాటి కరెంటు స్తంభం దాక.
స్కూటర్లు పక్కకు ఒరుగుతయి,
బడి పిల్లలు కింద నుంచి దూరుతరు,
ఎండ ముదరకముందే చుట్టుకుంటం.
చుట్టాలొస్తే బియ్యం డబ్బా ఖాజాబీ ఇంటికి,
పరుపుల చుట్ట ఆమె మంచం కిందికి.
నడిరాత్రి దుప్పటి కావాల్నంటే
ఆమె తలుపు కొట్టాలె, ఆమె లేవాలె, గొళ్లెం తియ్యాలె.
మనదే. మన ఇంట్ల లేదు, గంతే.
తెచ్చుకునేసరికి తెల్లారుతది.

సాదిఖ్ చెప్పుకుంట పోయిండు, నేను నొక్కుకుంట పోయిన,
పెట్టెల పెట్టె, దాంట్ల ఇంకో పెట్టె.
మొదలు ఐదు వందల పన్నెండు,
ఎక్కువల ఎక్కువ వెయ్యిన్ని ఇరవై నాలుగు.
'సెట్' నొక్కకుంటే ఏదీ నిలవదట.
రెండుసార్లు నొక్కిన.
"ఉత్తగ పెంచుకుంట పోతే డిస్కు నిండుతది,
ముందుగాల తెరిచినవి మూయి."

తెరిచినవి చూస్తే,
మా నవత పాలిటెక్నిక్ హాల్‌టికెట్టు,
సౌండు ఆపి చిన్నోడు దాచిపెట్టిన కార్ల ఆట,
ఆయన చూసి మరిచిన నూలు ధర,
మొన్నటి దసరాకు పంపిన ఆర్డరు లెక్క,
పైసలు ఇంక రాలే.
అన్నీ మూసిన.
ఆ చివరిదాని మీద వేలు జరసేపు ఆగింది.

ఏనుగుల కిటికీ అప్పటికే తెల్లబడి
ఊ అనలే, ఆ అనలే.
ఆపి మళ్ల ఆన్ చేస్తే
ఆరు ఏనుగులే నడిచొచ్చినయి.
ఏడోదాన్ని నేనే భద్రం చెయ్యలే.
మళ్ల గీసిన. కన్ను ఈసారి ఒక గడి కిందికి పడ్డది,
కాళ్ల కింద ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తున్నది.
అట్లనే ఉంచిన.

తెల్లారి ఖాజాబీ వచ్చింది,
చేతుల సిమెంటు మరక.
"గచ్చు వేయిస్తున్న చెల్లే,
నా కుట్టు మిషను రెండు రోజులు మీ ఇంట్ల పెట్టుకుంటవా?"
అర్రంత ఒకసారి చూసిన.
పసుప్పచ్చ బుడగ నా నాలిక చివర దాక లేచింది.

రాట్నం జరిపిన. కుర్చీ గల్లీల వేసిన.
ఈ రెండు రాత్రులు
నిలబడే గీస్తున్న ఎనిమిదో ఏనుగును,
మోకాలుకు ఆమె మిషను చక్రం
సల్లగ తగులుకుంట.